హెబొకీ హెలాకీ మధ్య: మా బ్లాక్ ఆఫీసు ప్రాజెక్టు డైరీ

జూన్ 2, సోమవారం

ఈ పని ఎందుకు మొదలుపెట్టానో ముందు రాసుకోవాలి.

మే నెల ఎండల్లో మా బ్లాకులోని ఒక సవర పేటలో బోరింగు పాడైంది. వార్డు మెంబరుగా ఉన్న అమ్మాయి కొండ దిగి, రోడ్డెక్కి, దొరికిన ఆటో పట్టుకుని ఆఫీసుకొచ్చి చెప్పింది. అప్పుడు గదిలో అయిదుగురం ఉన్నాం. ఒకాయన ఆమె ఫోన్లోంచి ఫోటో తీసుకుని వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. అందరూ బొటనవేలు గుర్తు కొట్టారు. నేనూ కొట్టాను. పదకొండో రోజున ఆ అమ్మాయి మళ్ళీ వచ్చింది. బోరింగు అలాగే ఉంది. ఆడవాళ్ళు గెడ్డలో చెలమలు తీసి నీళ్ళు తోడుకుంటున్నారు.

"ఎవులికి సెప్పాలో అదొక్కటి సెప్పండి బాబూ, ఆలికే సెప్పుకుంటాను," అంది.

గదిలో ఎవరి దగ్గరా జవాబు లేదు. అప్పటికప్పుడు మెకానిక్‌కి ఫోన్ చేశాం. మర్నాడు వెళ్ళాడు. సిలిండర్లో వాషర్లు అరిగిపోయాయట. పైపులు పైకి లాగి, వాషర్లు మార్చి, మళ్ళీ దించడానికి ఒక పూట పట్టింది. పూట పనికి పదకొండు రోజులు. ఆ రోజుల్లో ఎవరూ బద్ధకించలేదు, అదే నన్ను నిద్రపోనివ్వడం లేదు. మంచినీళ్ళ జూనియర్ ఇంజనీరు, అంటే మా జె.ఇ.గారు, పంచాయతీ వాళ్ళు మెకానిక్‌కి చెప్పే ఉంటారనుకున్నారు. పంచాయతీ ఎగ్జిక్యూటివ్ ఆఫీసరు, అంటే మా పి.ఇ.ఓ., ఇంజనీర్ల నుంచి కబురొస్తుందని చూస్తున్నాడు. నేను ఆ ఇద్దరిలో ఎవరో ఒకరు చూసుకుంటారనుకున్నాను.

మాది ఒడిశాలోని గజపతి జిల్లా. 1992 అక్టోబరు 2న గంజాం నుంచి విడిపోయిన ఈ జిల్లాలో 7 బ్లాకులున్నాయి. మాది ఏ బ్లాకో రాయను. ఇక్కడ రాసేవన్నీ నాతో రోజూ అన్నం డబ్బా పంచుకునే మనుషుల సంగతులు. 1954 నాటి రాజభాష చట్టం ప్రకారం ఫైలు ఒడియాలో నడుస్తుంది. వరండాలో మాట తెలుగులో సాగుతుంది. ఇంజనీర్ల ఎస్టిమేట్లు ఇంగ్లీషులో ఉంటాయి. కొండెక్కితే సవర. ఒక కబురు ఆఫీసు గుమ్మం దాటి పేట దాకా చేరేలోపు మూడు భాషలు మారుతుంది, ఆరు చేతులు మారుతుంది.

ఒడియాలో "హెబొ" అంటే అవుతుంది. "హెలా" అంటే అయింది. మా ఆఫీసులో రోజంతా వినబడే మాట హెబొ. ఆ రెంటికీ మధ్య ఏం జరుగుతుందో మూడు నెలలు వెంటపడి చూస్తానని మా బ్లాకు పెద్ద అధికారి బి.డి.ఓ. మేడమ్‌ని అడిగాను. ఆమెది కటక్ వైపు. తెలుగు వింటే బాగానే అర్థమవుతుంది, ఇప్పుడిప్పుడే మాట్లాడుతున్నారు. సరేనని ఒక్క మాట అన్నారు: "ఆడిట్ లాగ చెయ్యొద్దు. భయపడితే ఎవరూ నిజం చెప్పరు."

జూన్ 6, శుక్రవారం

ఈ వారం అయిదు సంగతులు ఎంచుకున్నాను. ఒక పింఛను దరఖాస్తు, ఒక ఉపాధి హామీ పని, జిల్లా నుంచి వచ్చిన ఒక ఉత్తరం, జనసుణాణి పోర్టల్లో పడ్డ ఒక ఫిర్యాదు, ఒక మీటింగు నోటీసు. ఒక్కోదానికి ఒక తెల్లకాయితం పెట్టుకుని, అది ఎవరి బల్ల మీదికి వెళ్తే వాళ్ళ దగ్గరికి నేనూ వెళ్ళాను. ఎప్పుడొచ్చింది, ఎప్పుడు కదిలింది, కదిలించిన మాట ఏది, ఇంతే రాసుకున్నాను.

ఉపాధి పనిది చూసి మనసు చివుక్కుమంది. మస్టర్ రోల్, అంటే కూలీల హాజరు పట్టీ, ముగిసింది. టెక్నికల్ అసిస్టెంటు కొలతలు తీసి మెజర్‌మెంట్ బుక్కులో ఎక్కించాడు. జె.ఇ. సరిచూసి సంతకం పెట్టారు. పుస్తకం బీరువాలో పెట్టేశారు. కంప్యూటర్ దగ్గర కూర్చునే అమ్మాయి ఆ పుస్తకం ఎప్పుడొస్తుందా అని చూస్తోంది. టెక్నికల్ అసిస్టెంటేమో ఆమె ఈపాటికి ఎక్కించేసి ఉంటుందనుకున్నాడు. ఇద్దరి బల్లల మధ్య నాలుగడుగుల దూరం. ఆరు రోజులు పోయాయి. మస్టర్ ముగిసిన 15 రోజుల్లో కూలి పడాలని చట్టం. దాటితే 16వ రోజు నుంచి రోజుకి 0.05 శాతం చొప్పున కూలీకి పరిహారం లెక్క కట్టాలి. అంటే వెయ్యి రూపాయలకి రోజుకి అర్ధ రూపాయి. ఆ అర్ధ రూపాయితో కూలీ ఇంట్లో ఏం నడుస్తుంది? సంతనాడు అతను అప్పు చేయాల్సిందే.

మిగతా నాలుగూ ఇంచుమించు అలాంటి చోటే ఆగాయి. నోటి మాట కాయితంగా మారే చోట, కాయితం మళ్ళీ నోటి మాటగా మారే చోట. మా డిస్పాచ్ రిజిస్టరు చాలా శుభ్రంగా ఉంటుంది. ఏ ఉత్తరం ఏ తేదీన వెళ్ళిందో నిమిషంలో చెప్పొచ్చు. అందుకున్నవాడికి ఏం అర్థమైందో ఏ రిజిస్టర్లోనూ ఉండదు.

సాయంత్రం నా ఫోన్లో ఆఫీసు గ్రూపులు లెక్కపెట్టాను. 14. జిల్లా నుంచి వచ్చిన ఒకే ఉత్తరం నాలుగు గ్రూపుల్లో ఫోటోగా పడింది, నాలుగింటి మీదా "జరూరీ" అని రాసి ఉంది. ఎవరు చెయ్యాలో ఒక్కదాని మీదా లేదు.

జూన్ 11, బుధవారం

మొదటి ప్రయత్నం పోయింది. ఎలా పోయిందో రాస్తాను, మరొకరికి పనికొస్తుంది.

అందరూ ఫోన్లోనే నింపేలా ఆన్‌లైన్ షీటు ఒకటి చేశాను. 14 గళ్ళు పెట్టాను. మొదటి రెండు రోజులు నింపారు. మూడో రోజు నుంచి ఇద్దరే నింపారు, ఆ ఇద్దరూ నా పక్క గదిలో ఉండేవాళ్ళు. కొండ పంచాయతీల పి.ఇ.ఓ.లకి అది తెరుచుకోనే లేదు. ఒకతను రెండు పంచాయతీలు చూస్తాడు. పొద్దున్నే బండి మీద వెళ్ళి చీకటి పడ్డాక దిగుతాడు. "అన్నా, నెట్‌వర్కు దొరికే చోట బండి ఆపి, ఎండలో నిలబడి 14 గళ్ళు నింపాలంటే నాకు ఏడుపొస్తోంది," అన్నాడు. నిజమే. ఇంకో సంగతి కూడా గమనించాను. నింపినవాళ్ళు పని కదలడం కోసం కాక, రేపు అడిగితే చూపించుకోవడానికి నింపుతున్నారు. "చర్య తీసుకోబడినది" అని ఏడు వరసల్లో ఉంది. ఏం చర్యో లేదు.

ఇవాళ తీసేశాను.

జూన్ 18, బుధవారం

రజ పండగ సెలవులయ్యాయి. పాతపట్నం వెళ్ళి ఒక తెల్లబోర్డు కొన్నాను. మహేంద్రతనయ దాటితే ఆంధ్రా, మాకు అంగడి పని సగం అక్కడే. వరండాలో అందరికీ కనబడే గోడకి బిగించాం. నాలుగే గళ్ళు: సంగతి, ఎవరు, ఏ తేదీకి, హెబొ లేక హెలా. "ఎవరు" గడిలో ఒక్క పేరే ఉండాలి. "ఇంజనీరింగు సెక్షను" అని రాయకూడదు, "పి.ఇ.ఓ.లు అందరూ" అని రాయకూడదు. పేరున్న మనిషి అంతా తనే చెయ్యనక్కర్లేదు. అది ఎక్కడిదాకా వచ్చిందో ఎవరడిగినా చెప్పగలగాలి, అంతే.

అక్షరాలు ఒడియాలోనే రాయాలని తేల్చాం. తెలుగువాళ్ళం అందరం ఒడియా బడుల్లో చదువుకున్నవాళ్ళమే, బయటి నుంచి వచ్చినవాళ్ళకి తెలుగు అక్షరాలు రావు. మాట మటుకు ఎవరికి ఏది వస్తే అది.

రోజూ పదింబావుకి బోర్డు ముందు నిలబడే మాట్లాడుకోవడం. కుర్చీలుంటే అరగంట అవుతుంది. నిలబడితే పది నిమిషాల్లో అయిపోతోంది.

జూన్ 24, మంగళవారం

బొడొబాబుకి కోపం వచ్చింది. హెడ్ క్లర్కుని ఇక్కడ బొడొబాబు అంటారు. మా బొడొబాబుకి ఇంకో రెండేళ్ళలో రిటైర్మెంటు. ఆయన చేతిరాత చూసి నేను నోట్ రాయడం నేర్చుకున్నాను. గడువు దాటిన వరసలకి నేను ఎర్ర సిరా వాడాను. ఆయన పేరు మూడు చోట్ల ఎర్రగా ఉంది. నిన్న ఆయన ఊరి మనిషి ఒకడు ఏదో సర్టిఫికెట్ కోసం వచ్చి, బోర్డు చూసి, "ఏటి బాబూ, మీ పేరు ఎర్రగుంది?" అని అడిగాడట.

పొద్దున్న నన్ను గదిలోకి పిలిచి తలుపు దగ్గరగా వేశారు. "నలబయ్యేళ్ళకి దగ్గరపడుతోంది నా సర్వీసు. ఆ మూడు ఫైళ్ళలో ఒకటి బ్యాంకు దగ్గరుంది, ఒకటి జిల్లాలో ఉంది, ఒకటి కోర్టులో ఉంది. నేను చెయ్యగలిగిందంతా చేశాను. నీ బోర్డు ఆ ముక్క చెప్తోందా?" అన్నారు.

చెప్పడం లేదు. నేను క్షమించమని అడిగాను. బోర్డుని వరండాలోంచి తీసి లోపలి హాల్లో పెట్టాం. ఎర్ర సిరా మానేశాం. ఆయన మాట మీదే అయిదో గడి గీశాం: "అడ్డం ఏమిటి". బ్యాంకు, జిల్లా, సంతకం, సామాను, మనిషి దొరకలేదు, అర్థం కాలేదు, ఏదైనా రాయొచ్చు.

ఆ ఒక్క గడితో బోర్డు తీరే మారిపోయింది. అంతకుముందు పొద్దున్నే ఒక్కొక్కరు సంజాయిషీ చెప్పుకునేవారు. ఇవాళ సాయంత్రానికి గడిలో పదకొండు అడ్డాలు రాశారు. వాటిలో నాలుగు ఒక్కరి సంతకం కోసమే ఆగాయని అప్పుడు కనబడింది. మేడమ్ చూసి, ఆ సంతకం తనదేనని చెప్పి, రోజూ నాలుగు గంటలకి అరగంట ఫైళ్ళకే కూర్చుంటానన్నారు. "అర్థం కాలేదు" అని ఎవరూ రాయలేదు. దాని సంగతి చూడాలి.

జూలై 1, మంగళవారం

రథయాత్ర అయిపోయి ఆఫీసు మళ్ళీ నిండింది. ఈ వారమంతా "ఆజ్ఞా" మీదే.

ఒడియా ఆఫీసుల్లో పెద్దవాళ్ళు ఏం చెప్పినా కిందివాళ్ళు అనే మాట "ఆజ్ఞా". మర్యాద మాట. చిత్తం అన్నట్టు. దానికి "విన్నాను" అనీ అర్థం, "చేస్తాను" అనీ అర్థం, "ఏమీ బోధపడలేదు గానీ అడగలేను" అనీ అర్థం. వాట్సాప్‌లో బొటనవేలు గుర్తు దాని తమ్ముడు. మా పదకొండు రోజులూ ఆ గుర్తు కిందే పోయాయి.

విన్నవాడు విన్నది తిరిగి చెప్పాలి, అదే తిరుగు మాట. ఆస్పత్రుల్లో నర్సులు ఫోన్లో డాక్టరు చెప్పిన మందు తిరిగి చదివి వినిపిస్తారు. రైల్వేలో స్టేషన్ మాస్టర్లు మాట అందిందనడానికి గుర్తుగా ప్రైవేటు నంబరు ఇచ్చిపుచ్చుకుంటారు. మన ఆఫీసులో మాత్రం "ఏదీ, నేనేం చెప్పానో చెప్పు" అంటే అది పంతులుగారు బడిలో బెత్తం పట్టుకుని అడిగినట్టే ఉంటుంది. పంచాయతీల్లో ఉపాధి పనులు చూసే రోజ్‌గార్ సేవకుల్లో ఒకతన్ని నేను అలాగే అడిగాను. మొహం మాడ్చుకున్నాడు. తప్పు నాదే.

దారి చూపించింది అకౌంట్స్ మావయ్య. "అడిగేవాడు తన మీద వేసుకుని అడగాలి. నేను సరిగ్గా చెప్పానో లేదో, నీ నోట ఒకసారి విననీ అనాలి," అన్నారు. మేడమ్ అది పట్టుకుని ఇంకో మెట్టెక్కారు. తనే ముందు తిరుగు మాట చెప్పడం మొదలుపెట్టారు. ట్యాంకరు ట్రాక్టర్ డ్రైవరు ఏదో చెప్తే, ఆగి, వచ్చీరాని తెలుగులో "అంటే, డీజిల్ బిల్లు ఏప్రిల్‌ది రాలేదు, మే ది వచ్చింది. అంతేనా?" అన్నారు. డ్రైవరు తడబడి, "లేదు మేడమ్, ఎదురు. ఏప్రిల్‌ది వచ్చింది, మే ది రాలేదు," అన్నాడు. బి.డి.ఓ. మాటని ఒక డ్రైవరు నలుగురిలో దిద్దాడు. ఆమె "ఓహో" అని రాసుకున్నారు. ఆ తరవాత తిరుగు మాట అడిగితే ఎవరూ చిన్నబుచ్చుకోలేదు.

ఇవాళ పొద్దున్న జరిగింది ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

మేడమ్: "ఇంకుడు గుంతల ఫోటోలు శుక్రవారానికి కావాలి. నేను సరిగ్గా చెప్పానో లేదో, మీ మాటల్లో ఒకసారి."

రోజ్‌గార్ సేవకుడు: "శుక్రవారానికల్లా గుంతలన్నీ ఫోటో తీసి గ్రూపులో పెట్టాలి."

మేడమ్: "అన్నీ కాదు, పూర్తయినవే. పూర్తి కానివి ఎన్నో లెక్క చాలు."

సేవకుడు: "అమ్మయ్య. అయితే ఒక్క రోజు పని మేడమ్. అన్నీ అంటే మూడు రోజులు తిరగాలని లెక్కేసుకున్నాను."

రెండు రోజుల పెట్రోలు మిగిలింది. బోర్డు మీద మొదటిసారి ఒక పి.ఇ.ఓ. తనంతట తనే "అడ్డం" గడిలో "ఉత్తరం అర్థం కాలేదు" అని రాశాడు.

జూలై 8, మంగళవారం

ఇవాళ మధ్యాహ్నం ఒక స్వయం సహాయక సంఘం లెక్కలు రాసే అక్క పుస్తకాలన్నీ సంచిలో వేసుకుని, రెండు బస్సులు మారి మీటింగుకి వచ్చింది. మీటింగు శుక్రవారమే అయిపోయింది. "8వ తేదీ అని రాశారు కదండీ," అని చీటీ చూపించింది. అందులో బొడొబాబు ముత్యాల్లాంటి అక్షరాలతో ఒడియా అంకెల్లో 4 వేశారు. ఒడియా నాలుగు చూడ్డానికి అచ్చం మనం వేసే 8. ఆ అక్క సోంపేట వైపు నుంచి కోడలుగా వచ్చింది, బడి చదువంతా తెలుగు. ఒడియా మాట వచ్చు, అక్షరం కూడబలుక్కుంటుంది, అంకె దగ్గర ఆగాల్సిన పని ఉందని ఆమెకి ఎందుకు తోస్తుంది? ఎనిమిది ఎనిమిదే కదా.

బొడొబాబు ఆ చీటీని చాలాసేపు చూశారు. తరవాత తనే లేచి ఆమెకి టీ తెప్పించి, మీటింగులో చెప్పిందంతా కూర్చోబెట్టి చెప్పారు. ఇన్నేళ్ళలో ఇలా ఎంతమందికి అయ్యుంటుందోనన్నారు. ఇక నుంచి తేదీలు, డబ్బు, ఫోన్ నంబర్లు 1, 2, 3 అంకెల్లోనే. తేదీ పక్కన వారం పేరు తప్పనిసరి. అంకె తప్పినా వారం పట్టిస్తుంది.

వారం రాయడానికి ఇంకో కారణం కూడా ఉంది. ఒడియా వాడుకలో "కాలి" అంటే నిన్న కూడా, రేపు కూడా. ఆసంతా కాలి అంటే రేపు, గత కాలి అంటే నిన్న. ఫోన్లో తొందరలో ముందు మాట ఎగిరిపోతుంది. "కాలి ట్యాంకరు" అని ఒక వాయిస్ మెసేజ్ వస్తే, ట్యాంకరు వచ్చిందనా, రావాలనా? పుట్టినప్పటి నుంచి ఒడియా మాట్లాడేవాళ్ళు క్రియని బట్టి పట్టేస్తారు. మధ్యలో గాలి హోరుంటే వాళ్ళూ పట్టలేరు.

జూలై 17, గురువారం

గ్రూపులు 14 నుంచి 3కి దింపాం. ఒకటి పని, ఒకటి వాన-వరద, ఒకటి పెళ్ళిళ్ళూ పుట్టినరోజులూ శుభోదయాలూ. మూడోదాన్ని తీసేద్దామని కొందరన్నారు, నేను ఒప్పుకోలేదు. మనుషులు ఒకరినొకరు పలకరించుకునే చోటు ఉండాలి, అది పని గ్రూపు కాకుండా ఉంటే చాలు. రాత్రి 8 దాటాక పని గ్రూపులో ఏదీ పెట్టకూడదని మేడమ్ ఉత్తర్వు ఇచ్చారు. వాన-వరద గ్రూపుకి ఆ గడువు లేదు. రాత్రిపూట ఫోన్ మోగితే అది నిజంగా ఆపదే అని ఇప్పుడు అందరికీ తెలుసు.

ఉత్తరం ఫోటో ఊరికే పెట్టకూడదు. పైన మూడు ముక్కలు రాయాలి: ఎవరికి, ఏం, ఎప్పటికి. నిన్న వచ్చినదాన్ని తెలుగులో చెప్పుకుంటే ఇలా ఉంటుంది: "పై విషయమునకు సంబంధించి, సూచిత లేఖానుసారము క్షేత్రస్థాయిలో తగు చర్య గైకొని, అనుపాలన నివేదికను అవిలంబముగా సమర్పించవలసినదిగా నిర్దేశించడమైనది." దాని మీద మేం రాసింది: "పి.ఇ.ఓ.లకి. మీ పంచాయతీలో పనిచెయ్యని బోరింగులు ఎన్ని, ఏ పేటలో. 21వ తేదీ సోమవారం సాయంత్రం 4 లోగా, నా బల్ల మీద."

ఇది రాస్తున్నప్పుడు గిడుగు రామమూర్తిగారు గుర్తుకొచ్చారు. రాకుండా ఎలా ఉంటారు? ఆయన పర్లాకిమిడిలోనే రాజావారి బడిలో పాఠాలు చెప్పారు. ఇక్కడి కొండల్లోంచి వచ్చిన సవరల దగ్గర సవర భాష నేర్చుకుని, వాళ్ళ పిల్లల కోసం వాళ్ళ మాటల్లోనే పుస్తకాలు రాశారు. జనం మాట్లాడే తెలుగులోనే రాయాలని ఊరూరా తిరిగి వాదించారు. 1936లో పర్లాకిమిడి ఒడిశాలో కలిసినప్పుడు ఊరు విడిచి రాజమండ్రి వెళ్ళిపోయారు. ఆయన నడిచిన ఊళ్ళో కూర్చుని, తోటి ఉద్యోగికి అర్థంకాని ఉత్తరం పంపడానికి నాకు చెయ్యి రావడం లేదు.

జూలై 30, బుధవారం

వానలు. ఈ నెలంతా నా మనసు వాన-వరద గ్రూపు మీదే ఉంది.

వంశధార కలహండి జిల్లాలో పుట్టి, గుణుపురం మీదుగా కాశీనగర్ దగ్గరికొచ్చి, శ్రీకాకుళం జిల్లాలోకి దిగుతుంది. పైన వాన పడితే, మాకు ఎండ కాస్తున్నా ఏటికి నీళ్ళొస్తాయి. ఆకాశం చూసి తెలుసుకునేది కాదు, పై నుంచి కబురు రావాల్సిందే. కొండ పేటలకి భయం ఇంకో రకం. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. గాలి పోయింది కదా అనుకునేసరికి వాన పట్టుకుంది. మా జిల్లా గంగాబాడ పంచాయతీ బరఘర ఊళ్ళో కొండచరియ విరిగిపడి మనుషులు పోయారు. ఇక్కడ ఎవరింటికెళ్ళినా ఆ రోజుల గురించి ఒక మాట చెప్తారు.

అందుకని గొలుసు కట్టాం. ఆఫీసు నుంచి ఒకరు నలుగురికి, ఆ నలుగురు తలా నలుగురికి ఫోన్ చెయ్యాలి. ప్రతి పేరుకీ పక్కన రెండో పేరు ఉంది. చివరి మనిషి ఎదురు తిరిగి ఆఫీసుకి ఫోన్ చేస్తేనే గొలుసు పూర్తయినట్టు.

శనివారం చెప్పకుండా పరీక్ష పెట్టాం. ఉదయం 11కి మొదలుపెడితే కింది పంచాయతీల నుంచి ఎదురు ఫోన్లు గంటలోపే వచ్చాయి. కొండ పేటల్లో మూడింటి నుంచి సాయంత్రం దాకా ఏమీ రాలేదు. ఆదివారం నేనూ బంట్రోతు తాతా బండి మీద వెళ్ళాం. ఒకచోట నంబరు మారిపోయింది. ఇంకోచోట ఫోన్ ఛార్జింగు లేదు, కరెంటు పోయి రెండు రోజులైంది. మూడోచోట సిగ్నలు ఊరవతల చింతచెట్టు దగ్గరే దొరుకుతుంది, పొలం పని ముగించి సాయంత్రం ఆరింటికి అందరూ అక్కడికి చేరతారు. మేం పదకొండింటికి పంపిన కబురు ఆరింటికి తెరుచుకుంది.

తాత ఆ చెట్టు కింద కూర్చుని, "మా సిన్నప్పుడు బారికోడు టముకేసేవోడు బాబూ. ఫోనొచ్చినాక టముకు ఆపేసినారు. ఫోను లేనికాడ టముకుండాల కదా," అన్నాడు.

ఉండాలి. మూడు పేటల్లోనూ డప్పు ఉంది, పండగలకి వాడతారు. వాన కబురుకి వేరే దెబ్బ పేటవాళ్ళే పెట్టుకున్నారు. చింతచెట్టు పేటకి పగటి కబురు బండి మీద మనిషే మోస్తాడు. మనిషి పేరు గొలుసులో ఎక్కించాం. అంగన్‌వాడీ అక్క తన గొంతుతో సవరలో ఇరవై సెకన్ల మెసేజ్ రికార్డు చేసింది. ఏరు పెరుగుతోంది, పశువులు విప్పండి, బడికి రండి. ఆమె చెప్పింది విని పేట ముసలమ్మ ఒకామె తలూపుతూ మళ్ళీ అదంతా పక్కామెకి చెప్పింది. ఎవరూ అడక్కుండానే వచ్చిన తిరుగు మాట అది.

ఆగస్టు 14, గురువారం

మేలో పాడైన బోరింగే సోమవారం మళ్ళీ మొరాయించింది. వార్డు మెంబరు ఈసారి కొండ దిగలేదు. అంగన్‌వాడీ అక్కకి చెప్పింది, అక్క నాకు ఫోన్ చేసింది. తిరుగు మాట చెప్పాను: "చెయ్యి కొడితే పైకీ కిందకీ వదులుగా ఆడుతోంది, నీళ్ళు రావడం లేదు. అంతేనా అక్కా?" "అవును, లోపల ఏదో తెగినట్టు చప్పుడు," అంది. ఆ చప్పుడు మాట పనికొచ్చింది. వాషరు కాక రాడ్ తెగి ఉండొచ్చని మెకానిక్ ముందే రాడ్లు కూడా పట్టుకెళ్ళాడు. మంగళవారం వాన, దారి తెగింది. అడ్డం గడిలో "దారి" అని రాశాం. ఆ మాట ఆ అమ్మాయికి ఫోన్ చేసి మేమే చెప్పాం. మేలో మేం చెయ్యని పని అదే. బుధవారం మధ్యాహ్నం నీళ్ళొచ్చాయి.

మూడు రోజులు. ఆ అమ్మాయి నుంచి ఒక వాయిస్ మెసేజ్ వచ్చింది, వెనకాల బోరింగు కొడుతున్న చప్పుడుతో. ఏం మాట్లాడలేదు. చివర్న ఒక్క మాట: "హెలా బాబూ."

ఆగస్టు 29, శుక్రవారం

మేడమ్‌కి బదిలీ అయింది. సోమవారం కొత్త బి.డి.ఓ. సారు వస్తారు.

ఛార్జి అప్పగింతకి కాయితాలు చాలా ఉంటాయి, క్యాష్ బుక్కు, స్టాకు, బండ్లు, కేసులు. బోర్డుకీ గొలుసుకీ తిరుగు మాటకీ ఏ ఫారమూ లేదు. ఒక పేజీ రాసి అప్పగింత ఫైల్లో పెడదామని మేడమ్ అన్నారు. ఒడియాలో బొడొబాబే రాశారు, అంకెలు మటుకు 1, 2, 3. గొలుసులో ఆరు నంబర్లు ఈ నెల మారాయి, అవి దిద్దాను. ప్రతి నెలా మొదటి శనివారం దిద్దాలని ఆ పేజీలో ఉంది.

చెయ్యలేకపోయినవి కూడా రాశాను. ఇంజనీర్లు పొద్దున్న పదింబావు నిలబాటుకి ఇంకా వారంలో రెండు రోజులే వస్తున్నారు, సైట్లకి పోవాలి కాబట్టి. వాళ్ళ కోసం సాయంత్రం ఫోన్ పెట్టి చూడాలి. రాత్రి 8 తరవాత జిల్లా నుంచి వచ్చే మెసేజ్‌లని మేం ఆపలేం. సవరలో గొంతు ఇవ్వడానికి ఒక్క అక్కే ఉంది, ఆమె సెలవు పెడితే ఎవరూ లేరు.

సాయంత్రం బోర్డు తుడిచి మళ్ళీ రాశాం. ఆరు వరసలు హెబొలో ఉన్నాయి. అన్నిటికంటే పాతది మూడోది, పద్దెనిమిది రోజులుగా ఉంది: సవరలో ఇంకో ఇద్దరి గొంతులు, పేటకి ఒకరు చొప్పున. "ఎవరు" గడిలో నా పేరుంది. "అడ్డం" గడిలో "దారి" అని ఉంది. ఆ దారి బుధవారం నుంచి బాగానే ఉంది. ఆ మాట తుడిచేసి, తేదీ గడిలో "31, ఆదివారం" అని వేశాను. తాతకి చెప్పాను, పొద్దున్న ఏడింటికి బయల్దేరతాం.